బాగుంది అని రాస్తే సున్నా

మా తెలుగు మాస్టారు పోయేరండి. పొద్దున్నే కొట్టు షట్టరు తీస్తంటే బస్తాలు దింపే ఆటో అతను చెప్పేడు, "అల్లవరం వైపు తెలుగు మాస్టారంట, నిన్న సాయంత్రం" అని. ఆ వైపు నాకు తెలిసిన తెలుగు మాస్టారు ఒక్కరే. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూచుండిపోయేను.

కొత్తపేటలో మాది కిరాణా కొట్టు. అప్పుడు నాన్నది, ఇప్పుడు నాది. తొంభైల్లో మాట, ఏడో తరగతిలో ఆయన మాకు కవితలు రాయడం నేర్పేరు. "బాగుంది" అని రాస్తే సున్నాయే. "బాగుంటే ఎలా బాగుందిరా? రంగు చెప్పు, వాసన చెప్పు. వాన పడిందని ఎవడైనా చెప్తాడు. నీ చొక్కా ముందు ఎక్కడ తడిసిందో నువ్వే చెప్పాలి" అనేవారు. మా పక్కోడు "చంకలోనండి" అన్నాడు. క్లాసంతా నవ్వేం. ఆయన నవ్వకుండా "అదీ. అదే రాయి" అన్నారు.

వేసవిలో కాలవ కట్టేస్తారు కదండీ, అప్పుడు మమ్మల్ని గట్టు మీదకి తీసుకెళ్ళేరు. నీళ్ళు పోయేక అడుగున బురద, తెగిన చెప్పులు, నత్తలు, ఒకటే కంపు. "మొన్నటిదాకా ఇవన్నీ ఉన్నాయని తెలుసా? మీలోనూ అంతే. పోయినేడుకీ ఈయేడుకీ మీలో ఏం మారిందో నీళ్ళు తీసేసి చూసి రాయండి" అన్నారు.

నేను రాసేను. పోయినేడు నాన్న చెయ్యి పట్టుకుని కొట్టుకెళ్ళేవాణ్ణి, ఈయేడు పట్టుకోవట్లేదు, తూకం వేసేటప్పుడు ఆ చేతి చిటికెన వేలు సరుకున్న పళ్ళేన్ని ఎలా నొక్కుద్దో చూసేను అని. గోటికి పసుపంటుకుని ఉండేది, అదీ రాసేను.

మాస్టారు దాన్ని పైకి చదవలేదు. మడిచి నా జేబులో పెట్టి, "ఇది నిజమైన కవితరా. ఇది నీది, దాచుకో" అన్నారు. దాచుకోవడం నాకు చేతకాలేదండి. చొక్కా ఉతుకుతా అమ్మ తీసింది, నాన్న చదివేరు.

మర్నాడు హెడ్మాస్టారి గదిలో నాన్న, ఇంకో నలుగురు పెద్దలు. పాఠాలు మానేసి పిల్లల చేత తండ్రుల మీద రాయిస్తన్నాడని గొడవ. "నీ అంతట నువ్వే రాసేవా, మాస్టారు చెప్పి రాయించేరా?" అని హెడ్మాస్టారు నన్నడిగేరు. నాన్న నా వైపే చూస్తన్నారు.

"ఆయ్, మాస్టారే చెప్పి రాయించేరండి" అన్నాను.

సెలవులయ్యేసరికి మాస్టార్ని సఖినేటిపల్లి దగ్గర పడవ దాటెళ్ళే లంకూరికి ట్రాన్స్‌ఫర్ చేయించేసేరు. తర్వాత నాన్నే "పాపం, మనిషి మంచోడే" అనేవారు. మంచోడని తెలిసే పంపించేం. నాకదే మంట, ఇప్పటికీ.

రిటైరయ్యేక ఒకసారి బెల్లం కోసం మా కొట్టుకొచ్చేరు. చూడగానే పోల్చేరు.

"ఏరా, ఏమన్నా రాస్తన్నావా?"

"సరుకుల చీటీలేనండి."

"చీటీలోనూ రాయొచ్చురా, బెల్లం ఏ రంగులో ఉందో" అని నవ్వేరు.

ఆ రోజు తప్పు నాదేనని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఈలోగా ఎవరో ఉల్లిపాయలడిగేరు. ఇటు తిరిగేసరికి ఆయన బస్సెక్కేసేరు.

ఆయన పోయిన మూడో రోజున వాళ్ళింటికెళ్ళేను. మాస్టారి భార్య అరుగు మీద కూచునున్నారు. "ఆయన స్టూడెంట్నండి" అన్నాను.

"అందరూ అదే అంటన్నారు. పేరు చెప్పు బాబూ."

పేరు చెప్పేను. ఆ రోజు హెడ్మాస్టారి గదిలో అబద్ధం ఆడింది నేనేనని కూడా చెప్పేను.

"అప్పుడు మా చంటిది నెలల పిల్ల. నాలుగేళ్ళు ఆయనక్కడ, మేమిక్కడ. దానికి నడకొచ్చింది ఆయన చూళ్ళేదు" అన్నారావిడ. "ఆయన నిన్ను ఒక్క మాటా అనలేదు. నేనే అన్నాను. ఇప్పటికీ అనుకుంటన్నాను."

ఆవిడ లేచి ఇంటి పక్కనున్న పెరట్లోకెళ్ళేరు. దండెం మీద మాస్టారి పంచె ఆరిపోయి ఉంది. తీసి, నాలుగు మడతలు పెట్టి, రెండడుగులు ఇంటి వైపు వేసేరు. ఆగేరు. వెనక్కెళ్ళి, మడతలు విప్పి, మళ్ళీ దండెం మీదే ఆరేసేరు.