అద్దం లోపలి మంచు

కనీజ్ ఫాతిమాకు కోపం వస్తే మాటలు ఆగిపోతాయి. ఆ డిసెంబరంతా ఆమె ఆఫీసులో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

సింగపూరు సైన్స్ పార్క్‌లోని ఒక చిన్న సంస్థలో ఆమె ఇంజనీరు. ఉత్తర ధ్రువం దగ్గరి ఒక స్టేషను కోసం, ఆకాశాన్నంతా ఒకే ఫొటోలో పట్టే కెమెరా తయారుచేసింది. అక్కడ పచ్చటి తెరల్లా వెలిగే అరోరా ఎటు కదులుతోందో అది చూపాలి. పక్కనున్న రాడారూ, భూమి అయస్కాంత శక్తిని కొలిచే యంత్రమూ ఇచ్చే లెక్కలకు ఆ బొమ్మలే సాక్ష్యం. అసలు అరోరాను ఫాతిమా ఎన్నడూ చూడలేదు. ఆమె ఉండే టాంపినీస్‌లో మబ్బు వీడినా నక్షత్రాలే సరిగా కనబడవు.

ఈ చలికాలం బొమ్మలు బాగా వస్తేనే కెమెరా అక్కడ ఉంటుంది. లేదంటే దాన్ని బిగించి వెళ్లిన స్టేషనువాళ్లే వసంతంలో వచ్చి పీకేసి వేరేవాళ్లది పెడతారు. అప్పటిదాకా అక్కడ మనిషన్నవాడు ఉండడు.

చలికాలానికి ముందు, పంపేరోజు కెమెరా పెట్టెలోని తేమగాలిని తోలేసి, పొడి నైట్రోజన్ నింపి, మూత బిగించి కిందికి తెచ్చింది. కొరియర్ వ్యాను సిద్ధంగా ఉంది. అప్పుడే వాన వెలిసింది. ఆమె బాస్ సుధాకరరావు కుంకుమ భరిణెతో వచ్చారు. రాజమండ్రి మనిషి, బొట్టు పెట్టకుండా ఏ పరికరాన్నీ గడప దాటనివ్వరు.

"బయటెడితే మంచుకి చెరిగిపోద్దమ్మా. లోపలెడదాం. ఒక్క నిమిషం మూత తియ్యి."

వద్దనాలి. తడిగాలి లోపలికి పోతుందని చెప్పాలి. కానీ బొట్టు దగ్గర తను వద్దంటే, అది తేమ గురించేనని ఎవరు నమ్ముతారు? ఏళ్ల తరబడి ఆయనింటి లడ్డూలు తను తింటోంది, రంజాన్‌కి తనింటి షీర్ ఖుర్మా ఆయన తింటున్నారు. నోరు మూసుకుని మూత తీసింది. ఆయన లెన్సు పక్కన బొట్టు పెట్టి భక్తిగా దండం పెట్టుకున్నారు. సింగపూరు గాలి హాయిగా పెట్టెలో దూరింది. ఇక్కడ తేమంటే చొక్కా తడవడమే, అక్కడ రాయి అవుతుంది.

అయింది కూడా. పెట్టె మూతకున్న అద్దం లోపలివైపు మంచు పేరుకుంది. ఇక్కణ్ణుంచే హీటరు పెంచితే కరిగి, జారి, లెన్సు మీదే మళ్లీ గడ్డకట్టింది.

ఒకనాడు భోజనాల వేళ, అరోరా చెలరేగేంత సౌర తుఫాను వచ్చింది. అక్కడ చలికాలం పగలూ చీకటే. అయస్కాంత యంత్రం గీత పిచ్చిపట్టినట్టు ఎగిరిపడుతోంది. ఫాతిమా స్క్రీన్ మీద మాత్రం ఒట్టి పచ్చటి మసక.

"రంగొస్తంది కదమ్మా! పనిచేస్తున్నట్టే స్టేషనోళ్లకి రాద్దాం," అన్నారు సుధాకరరావు.

"రంగేం జేస్కోవాలె సార్? ఆకారం గావాలె!" ఫాతిమా స్క్రీన్‌ను ఆయన వైపు తిప్పింది. "ఆ దినం మూత తియ్యొద్దని చెప్దామనుకున్న. నేను వద్దంటే మీరు ఇంకోతీరు అనుకుంటరేమోనని చెప్పలే."

ఆయన మొహం పాలిపోయింది.

"ఇన్నేళ్లలో నన్నింతేనా తెలుసుకున్నావు?"

ఉక్రోషంతో ఫాతిమా కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మలు రావట్లేదు, వసంతంలో మా కెమెరా తీసేయండని స్టేషనువాళ్లకు తనే రాసి పంపేసింది.