లోడు ఆరు, ఇంజను వేరు

బుధవారం సాయంత్రం 5 గంటల 12 నిమిషాలకు, సికింద్రాబాద్ స్టేషన్‌కు 640 మీటర్ల దూరంలో, రెజిమెంటల్ బజార్‌లోని మా ఇంటి ముందుగదిలో, నా సర్వర్‌కు ఆరు హార్డ్‌డిస్కుల్లో మూడు ఒకేసారి కనిపించకుండా పోయాయి. వాటిలో మా మామగారు తీసిన 37 టేపుల వీడియో, సుమారు 480 జీబీ, భద్రంగా ఉందని అప్పటిదాకా నా నమ్మకం. ఆ వీడియోలోంచి కూర్చిన గంటన్నర సినిమాను ఆదివారం ఉదయం పదింటికి రిటైర్డ్ గార్డుల సమావేశంలో చూపిస్తానని ఆయన నలభై మందికి మాటిచ్చి ఉన్నారు.

మామగారు ముప్పై నాలుగేళ్లు రైళ్లకు గార్డుగా పనిచేశారు. మీటర్ గేజ్ పట్టాలు ఎత్తేయడానికి ముందు, డ్యూటీ లేని రోజుల్లో, ఆ లైన్ల మీది బండ్లన్నిటినీ చిన్న వీడియో కెమెరాతో తీసి పెట్టుకున్నారు. ఇన్నేళ్లలో టేపులకు బూజు పట్టింది. చాలావాటిని ఒక్కసారి ఆడించగలిగితే గొప్ప. వాటిలో ఉన్నదాన్ని కాపాడడానికే నేను ఇంట్లో ఈ సర్వర్ కట్టాను. పాత కేబినెట్, ఆరు డిస్కులు, ఆ ఆరింటినీ మదర్‌బోర్డుతో కలిపే ఒక కంట్రోలర్ కార్డు. ఏ రెండు డిస్కులు పోయినా సమాచారం నిలిచేలా అమర్చాను. మూడు ఒకేసారి పోవడం నా లెక్కలో లేదు. మొత్తానికీ రెండో నకలు పెట్టడానికి మరో డిస్కు వచ్చే నెల కొందామనుకున్నాను.

మెషిన్ ఆపి మళ్లీ వేస్తే మూడు డిస్కులూ ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాయి. కాసేపు బరువైన పని చెప్పగానే మళ్లీ పోయాయి. మొదటిసారి ఆగినప్పుడు ఒకపక్క సినిమా కూర్పు, మరోపక్క ముప్పై ఎనిమిదో టేపు ఎక్కించడం జరుగుతున్నాయి. ఆ టేపును రెండోసారి ఆడించబోతే తెగిపోయింది. హఠాత్తుగా ఆగిన ప్రతిసారీ, అప్పుడు రాస్తున్న ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి లోపం తేలేదాకా సినిమా పని ముట్టుకోనని, డిస్కుల్లో ఏమీ రాయకుండా చదివి చూసే పరీక్షలు మాత్రమే చేస్తానని మామగారికి చెప్పాను.

ఆయన కుర్చీ జరుపుకుని సర్వర్ పక్కనే కూర్చున్నారు.

"అల్లుడూ, లేటయితది అంటే ఎంత లేటో సుత చెప్పాలె. ఊకె లేటు లేటు అంటే ప్యాసింజర్లు ఊకుంటరా?"

"ఇంకా తెలీదు మామయ్యా."

"గిది ఎంక్వైరీ కౌంటర్ల చెప్పే మాట," అన్నారాయన.

కొలత పరికరాలను పరీక్షించడం నా ఉద్యోగం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక అదే పరీక్ష మళ్లీ చేయాలి. ఈ నియమం ఆఫీసులో ఎలాగో ఇంట్లోనూ అంతే. డిస్కుల ఆరోగ్యం చూశాను. ఆరూ నిక్షేపంగా ఉన్నాయి. పోయిన మూడూ ఒకే కేబుల్ మీద ఉన్నాయి కనుక కేబుల్‌ను అనుమానించి, గురువారం పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్‌కు వెళ్లి కొత్త జత తెచ్చి, ముందు అనుమానమున్న దాన్ని మార్చాను. ఈసారి రెండో కేబుల్ మీది మూడు పోయాయి. దాన్నీ మార్చాను. ఈసారి అటు రెండు, ఇటు ఒకటి. అంటే కేబుళ్లది తప్పు కాదు. శుక్రవారం అదే దుకాణదారును బతిమాలి ఒక పవర్ సప్లై అరువు తెచ్చాను. ఆయన అరువు ఇచ్చినందుకు డబ్బు తీసుకోలేదు గాని, సినిమాలో తమ ఊరి స్టేషన్ ఉందేమో చూసి చెప్పమన్నాడు. పవర్ సప్లై మార్చినా డిస్కులు పోయాయి.

ఆ సాయంత్రానికి మామగారు చలోక్తులు మానేశారు. సమావేశానికి రమ్మని పిలిచిన వాళ్లలో ఒకాయనకు ఫోన్ చేసి, సినిమా ఉండకపోవచ్చు, భోజనమైతే ఉంటుందని నెమ్మదిగా చెబుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ, ముందుగదిలోంచి నేను విన్నాం. ఆయన ఎన్నడూ ఎవరికీ బండి రద్దయిందని ముందుగా చెప్పిన మనిషి కాదు.

శనివారం ఉదయానికి మార్చనిది ఒక్కటే మిగిలింది, ఆరు డిస్కులకూ ఉమ్మడిగా ఉన్న కంట్రోలర్ కార్డు. కొత్తది తెప్పించాలంటే వారం పడుతుందని దుకాణంలో చెప్పారు. కార్డు కేబినెట్‌లో అట్టడుగున, కేబుళ్ల గుత్తి వెనుక ఉంటుంది. వేడిని బయటికి లాగే హీట్‌సింక్, దాని మీది చిన్న ఫ్యాను కిందివైపుకు తిరిగి ఉంటాయి కాబట్టి పైనుంచి చూస్తే కనబడవు. పరీక్ష నడుస్తుండగా కార్డు అంచు తాకాను. చెయ్యి తీసేయాల్సి వచ్చింది. మెషిన్ ఆపి, చల్లారాక కింద వేళ్లు పెట్టి తడిమితే, ఫ్యానుకు అడ్డంగా ఏదో పొడిగా, పెళుసుగా తగిలింది. కాలిపోయిన స్పాంజి అనుకున్నాను. బయటికి తీసేసరికి గోధుమరంగు పొడి అరచేతి నిండా రాలింది, మధ్యలో ఒక కాడ.

మామగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. "బంతిపువ్వు," అన్నారు.

మూడు వారాల కిందట దసరాకు ఆయుధపూజ చేశాం. సర్వర్ మూత మీద బొట్టు పెడితే లోపలి డబ్బాలకు, అంటే డిస్కులకు, ఏం తెలుస్తుందని మామగారు పట్టుబట్టారు. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం మెషిన్ ఆపి పక్కకు పడుకోబెట్టాలి, మూత తీయాలి, లోపల పసుపు, కుంకుమ, నీళ్లు ఉండకూడదు, పొడి పువ్వులు మాత్రమే. మోండా మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూలను ఆయన ఒక్కో డిస్కు దగ్గర ఒక్కోటి పెడుతుండగా నేను కర్పూరం కోసం లోపలికి వెళ్లాను. మర్నాడు మూత పెట్టే ముందు ఎన్ని పువ్వులని అడిగాను. లోడు ఆరు అన్నారు. ఆరు తీశాను, ఆరు డిస్కులతో సరిచూసుకుని మూత బిగించాను.

"మామయ్యా, ఆ రోజు ఆరే అన్నారు కదా?"

"ఆరే. డబ్బాలు ఆరు."

"మరి ఇది?"

"గది ఇంజనుది." కార్డు వైపు చూపించారు. "అన్ని తీగలు దాన్నుంచే పోతున్నయ్ గద, ఇంజనే అనుకున్న. పక్క సందుల చెక్కిన. నువ్వు లోడెంత అన్నవ్. లోడుల ఇంజను ఎట్ల కలుస్తది? ముప్పై నాలుగేండ్లు రాసిన, ఒక్కనాడు కలపలే."

గార్డులు లోడని రాసేది ఇంజను వెనక తగిలించిన పెట్టెలనే. ఆయన స్వరంలో పశ్చాత్తాపం ఏ కోశానా లేదు. నేను లోడెంతని అడగలేదని, ఎన్ని పువ్వులనే అడిగానని చెప్పబోయాను. అంతలో మా ఆవిడ చీపురుతో వచ్చి ఆ పొడిని ఊడ్చేస్తూ, "మీ ఇద్దరి లెక్కలూ సక్కగనే ఉన్నయ్. పువ్వుకే సమజ్ కాలే," అంది.

మెత్తటి బ్రష్‌తో ఫ్యాను శుభ్రం చేశాను. రేకులు రెండు దాని ఇరుసుకు చుట్టుకుని ఉన్నాయి. అవి తీయగానే తిరిగింది. అదే పరీక్ష పెట్టి గంటన్నర కూర్చున్నాం. ఆరు డిస్కులూ నిలబడ్డాయి. అప్పుడు ఆటోలో పార్క్ లేన్‌కు వెళ్లి, అరువు సామాను తిరిగిచ్చేసి, వచ్చే నెల కొనాల్సిన డిస్కును ఆ రోజే కొని, ముందు 37 టేపులకూ నకలు తీసి, ఆ తర్వాతే సినిమా ముట్టుకున్నాను. నకలు పూర్తయిందని చెప్పాక మామగారు లేచి, ముందురోజు తాను ఫోన్ చేసిన ఆయనకే మళ్లీ ఫోన్ చేసి, బండి రైట్ టైం అన్నారు.

ఆదివారం రైల్వే కాలనీలోని హాలుకు నలభై మంది అనుకుంటే యాభై మూడు మంది వచ్చారు. తెర మీద ఏ బండి వచ్చినా వాళ్లందరూ పెదవులు కదుపుతూ పెట్టెలు లెక్కపెట్టారు. చివరి పెట్టె దాటగానే హాలంతా ఒకే అంకె వినిపించింది. భోజనాల దగ్గర నేను పువ్వు సంగతి చెప్పి, న్యాయం చెప్పమన్నాను. అందరిలోకీ పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటూ, "మీ మామ చెప్పింది కరెక్టే బేటా. ఇంజను లోడుల రాదు," అన్నారు. అప్పీలుకు అవకాశం లేకపోయింది.

ఖర్చు: కేబుళ్ల జత, 1,900 రూపాయలు. ఆటోలకు 480. పవర్ సప్లై అరువు, ఏమీ లేదు. రెండో నకలుకు కొన్న డిస్కు, 14,200. మొత్తం 16,580 రూపాయలు. నష్టం: ముప్పై ఎనిమిదో టేపులో చివరి 49 నిమిషాలు. మామగారు కెమెరా ఆపడం మరిచిపోయి సంచిలో వేసుకున్న టేపు అది, అందులో చాలావరకు చీకటే. బంతిపువ్వు, ఒకటి.