గోడకి ఆనించిన కర్ర

డెబ్భైల చివర్లో మాట. పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన కొత్త. పర్సుడీహ్‌లో ఒంటిగది ఇల్లు. మా పెళ్లికి చేసిన అప్పు కోసం జుగ్సలాయి వడ్డీవ్యాపారి జీతాల రోజున కర్ర పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడేవాడు. మా ఆయన జీతం చాలావరకు అక్కడే అయిపోయేది.

"గేటు కాడ కాపు కాసి వసూలు సెయ్యడం నేరమట. కోర్టుకెల్లినా జీతమంతా పట్టుకోలేరట. యూనియనోళ్లు సెప్పారు," అన్నారు మా ఆయన ఒకరోజు. ఆ నెల ధైర్యం చేసి వ్యాపారికీ అదే చెప్పేశారు.

ఆ సాయంత్రం ఆ ముసలి వ్యాపారి మా ఇంటికొచ్చాడు. చేతికర్ర మా గుమ్మం పక్కన గోడకి ఆనించి, వట్టి చేతులతో వెళ్లిపోయాడు.

"ముట్టుకోకు పిల్లా. ఆడి కర్ర ఆడే పట్టుకెల్తాడు," అంది మా అత్త.

అతను మళ్లీ రాలేదు. కోర్టు నోటీసూ రాలేదు. వానలన్నీ ఆ కర్ర మీదే కురిశాయి. జీతం రోజున మా ఆయన దాని వైపు చూడకుండా, ఒంటిని పక్కకి తిప్పుకుని లోపలికొచ్చేవారు.

ఒక జీతం రోజు పొద్దున్నే తలుపు తీస్తే కర్ర లేదు. ప్రాణం తేలికై నీళ్లకి బయల్దేరాను. పక్కింటి సూరమ్మత్త బిందె పట్టుకుని తన గుమ్మంలో కదలకుండా నిలబడి ఉంది. కర్ర వాళ్ల గోడకి ఆని ఉంది.

"ఇదేటి పిల్లా, మా కాడికెప్పుడొచ్చింది?" అంది. వాళ్లూ అతని దగ్గరే అప్పు తీసుకున్నారని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం వాళ్లాయన భయపడుతూ జుగ్సలాయి వెళ్లొచ్చాడు. వ్యాపారి వానాకాలంలోనే చనిపోయాడట.

ఆ కర్రని ఎవరు జరిపారో ఇప్పటికీ తెలీదు. మా గుమ్మం పక్కన ఎవరైనా గొడుగు ఆనించినా, తీసి లోపల పెట్టేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు.