నిండు సీసాలు

డయాలసిస్ కోసం పలాస వెళ్ళొచ్చే మా నాన్నకు కండ కరిగిపోతోందని, కసరత్తు చేయించడానికి మా ఇంటికొచ్చేవాడు ఆ ఫిజియోథెరపిస్టు. "ఇంకొక్కటి, ఇంకొక్కటే" అనడం తప్ప అతనికి మరో మాట వచ్చేది కాదు. ఆ నవ్వుముఖం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బరువులెత్తించడానికి నాన్న చేతికొకటి చొప్పున లీటరు నీళ్ళ సీసాలు పెట్టేవాడు. రోజు మొత్తానికి అరలీటరే తాగాలని డాక్టరు కట్టడి చేసిన మనిషికి! ఒకప్పుడు కొబ్బరిచెట్లు గబగబా ఎక్కిన నాన్న, కళ్ళు మూసుకుని ఆ సీసాలను ఎత్తేవాడు.

"దాహంతో సత్తన్నోడి సేతికి నీల్లిత్తావేటి బాబూ? ఇసకెయ్యి," అంది అమ్మ.

"నీళ్ళయితే తూకం కచ్చితంగా ఉంటుందమ్మా. ఊఁ, ఇంకొక్కటి."

ఒకరోజు ఫోనొస్తే అతను మాట్లాడటానికి వాకిట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నాన్న ఒక సీసా మొత్తం తాగేశాడు. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. నాన్న దొంగలా తల దించుకున్నాడు. అతను ఖాళీ సీసాను వెలుతురుకేసి ఎత్తి చూశాడు.

"అయ్యో, ఇప్పుడు ఎడం చేత్తో ఏం ఎత్తుతారండీ?" అన్నాడు.