బావ చెవి, నా గ్రాఫు

హెడ్‌ఫోన్ కొనే ముందు నేను వినను, చదువుతాను. ఏ శబ్దం ఎంత మోతాదులో వస్తుందో కొలిచి గీసిన గ్రాఫులు నెట్‌లో దొరుకుతాయి. గీత నున్నగా ఉంటేనే కొంటాను. "నా చెవికి బాగుంది" అనేవాళ్ళను చూస్తే అప్పట్లో నాకు ఒళ్ళు మంట.

మా అక్క భర్త ఉక్కు మిల్లులో ఇరవై ఏళ్ళు చెవితోనే పనిచేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను తిరిగే మిషన్ బేరింగు దగ్గర ఆనించి, పిడిని ఎడమ చెవికి నొక్కుకునేవాడు. "ఇది వారం ఆగదు, మార్సీండి" అంటే మార్చేవారు. మీటర్లు వచ్చాక కూడా ముందు ఆయన్నే పిలిచేవారు. ఆ స్క్రూడ్రైవర్‌ను ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం గాజువాకలో వాళ్ళింట్లో చేపల కూర తిన్నాక, నా కొత్త హెడ్‌ఫోన్ గొప్పగా ఆయన తలకు పెట్టాను. పాట సగంలోనే తీసేశాడు.

"ఎడం పక్క మందంగా ఉంది బావ" అన్నాడు. నన్ను ఆయనా బావ అనే పిలుస్తాడు.

ఫోన్‌లో గ్రాఫు చూపించాను. కుడి గీత, ఎడమ గీత ఒకదాని మీద ఒకటి అతికినట్టున్నాయి.

"గీతలు నాకేటి తెలుస్తాయి? తిప్పి పెట్టుకుని సూడు, నీకే తెలుస్తాది."

అర నిమిషం పని. చెయ్యలేదు. ఆయనతో పనిచేసేవాళ్ళు ఇద్దరు పక్కనే కూర్చుని, నేను మోసపోయానని నవ్వుతున్నారు. నాకు తిక్కరేగింది.

"హెడ్‌ఫోన్‌కి ఏ రోగమూ లేదు. మిల్లు మోతకి నీ ఎడమ చెవే పోయింది, చూపించుకో బావా" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. బావ చెవి తడుముకున్నాడు.

కొన్నాళ్ళ తర్వాత అక్క ఫోన్ చేసింది. "బేరింగు తను విన్నాక, మళ్ళీ ఇంకొకర్ని వినమంటన్నారంటరా. నా తప్పు మాటకి ఎవడి సెయ్యో తెగితే ఏటి గతి అంటన్నారు. డాక్టరు దగ్గరకి ఎల్లమంటే ఎల్లరు, సెవి పోయిందని కాయితం మీద పడిపోద్దని బయం." ఆ వేసవిలోనే, తనను మిల్లు సామాన్ల స్టోర్‌కు మార్చమని బావే రాసిచ్చాడు.

మొన్న ఒకరోజు తొందరలో హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నాను. కుడి చెవిలో పాట మందంగా ఉంది. తిప్పాను. ఆ మందం ఎడమకు పోయింది. మొదటి రోజు నుంచీ ఉన్న లోపమే. గ్రాఫు చూశాక విన్నాను కాబట్టి నాకు గ్రాఫే వినిపించింది. పైగా అది ఎవరో తమ దగ్గరున్న హెడ్‌ఫోన్‌ను కొలిచి గీసింది. నాదాన్ని కొలిచినవాడు బావ ఒక్కడే.

షేర్ ఆటో ఎక్కి వెళ్ళాను. అరుగు మీద ఆయన ఎడమ పక్కన కూర్చుని, తప్పు నాదేనని, నీ చెవి బంగారమని చెప్పాను. 'నాను ముందే సెప్పాను కదా' అని తిడితే బాగుండేది.

"స్క్రూడ్రైవర్ ఇచ్చేసాను బావ" అన్నాడు. తర్వాత, కొత్తగా పడిన అలవాటు కాబోలు, మెడ తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు.

"ఏటన్నావ్? ఇటేపు సెప్పు."