నాన్న కొత్త చేసిన ఏడాది

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను ఖమ్మంలో ఒక ఇంటర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ‘స్ట్రేంజ్’ అనే మాటకు అర్థం రాయమంటే క్లాసు క్లాసంతా ‘వింత’ అని రాసేది. గైడులో అలాగే ఉంటుంది మరి. నేను ఊరుకునేదాన్ని కాదు. స్ట్రేంజ్ డాగ్ అంటే రెండు తలల కుక్క కాదర్రా, మనకు పరిచయం లేని కుక్క అనేదాన్ని. కొత్త ఊళ్లో రాత్రి నిద్ర పట్టకపోతే అదీ స్ట్రేంజే, ఒంట్లో అదోలా ఉంటే అదీ స్ట్రేంజే, ఎన్నడూ నవ్వని మనిషి నవ్వితే అదీ స్ట్రేంజే అని బోర్డు నిండా రాసేదాన్ని. పరీక్షలో మళ్లీ వింత అనే రాసేవాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నా పాఠం.

ఆ మాట మా ఇంటిదాకా వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మాది బూర్గంపాడు. నాన్న బస్సు కండక్టరు. ఉద్యోగమంతా అడవి దారుల్లోనే గడిచింది. మా వైపు వానాకాలం జ్వరాలు చుట్టాల్లాంటివి, ఏటా వస్తాయి, నాలుగు రోజులుండి పోతాయి. కానీ ఆ ఏడు నాన్నకు వచ్చిన మలేరియా తలకెక్కింది. ఖమ్మం దవాఖానాలో చాలా రోజులు ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఒకరోజు పొద్దున కళ్లు తెరిచాడు. అమ్మ “స్తోత్రం ప్రభువా” అని కళ్లు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్లింది. నాన్న ఆమెను చూసి, కాళ్లు ముడుచుకుని చోటిచ్చి, “కూర్చోండమ్మా” అన్నాడు.

నాన్న అమ్మను ‘మీరు’ అనడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ‘ఏమే’ అనేవాడు, ‘ఓయ్’ అనేవాడు, మరీ ప్రేమ పుడితే ‘పిల్లా’ అనేవాడు. ఆ ఒక్క ‘అండి’ నన్ను భయపెట్టినంతగా ఆ జ్వరం కూడా భయపెట్టలేదు.

డాక్టరు వచ్చి చూసి, “కొంచెం స్ట్రేంజ్‌గా ఉంటారు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు” అని పక్క మంచం వైపు వెళ్లిపోయాడు.

“ఏందన్నడే?” అంది అమ్మ.

“వింతగా ఉంటాడట” అన్నాను. క్లాసులో రాయొద్దని పిల్లల్ని తిట్టే అర్థమే నా నోటికి వచ్చింది.

“వింతేముంది ఇందుల? చంటిపిల్లలు కొత్త చెయ్యరా? గట్ల కొత్త చేస్తుండు మీ నాయన. నాలుగు దినాలు దగ్గరుంటే అలవాటైతడు.”

ముఖం తెలియని మనిషి ఎత్తుకోబోతే పసిపిల్ల మొహం తిప్పుకుని ఏడుస్తుందే, దాన్నే కొత్త చేయడం అంటారు. ఆ మాట పట్టుకుని నేను కూడా ధైర్యం తెచ్చుకున్నాను. ఏ పిల్లా జన్మంతా కొత్త చేయదు కదా.

ఇంటికి తీసుకొచ్చాం. నాన్నకు కీర్తనలన్నీ గుర్తున్నాయి. రూటులోని స్టేజీల పేర్లు వరుస తప్పకుండా చెప్పేవాడు. నన్ను ఎప్పుడో చనిపోయిన వాళ్లక్క అనుకుని ‘అక్కా’ అని పిలిచేవాడు. అబద్ధమో నిజమో, ఆయన మనసులో నాకొక చోటు దొరికింది. అమ్మకే దొరకలేదు. ఆయన మనసు పెళ్లికి ముందు రోజుల్లోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

అమ్మది టేకులపల్లి వైపు అడవి ఊరు. వాళ్లు తమ వేల్పులను కొలిచేవాళ్లు. నాన్న పనిచేసే బస్సు ఆమె ఎక్కుతూ దిగుతూ ఉండగా పెరిగిన పరిచయం పెళ్లిదాకా వచ్చింది. అమ్మ బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజే పుట్టింటి తలుపు మూసుకుంది. ఇటు చర్చివాళ్లు కూడా ఆమెను చాలా ఏళ్లు ‘అడవి పిల్ల’ అనే అన్నారు. ఇది నా మనిషి అని నలుగురిలో అన్నది నాన్న ఒక్కడే.

ఆ మాట ఇంట్లో సాయంత్రం ప్రార్థనలోనూ అనేవాడు. మా ఇళ్లలో లైట్లు వేసే వేళకు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఇంటిపెద్ద ఒక్కొక్కరి పేరూ పలికి ప్రభువుకు అప్పగిస్తాడు. ఎవరి పేరు వస్తే వాళ్లు ఆమెన్ అనాలి. నాన్న ఎప్పుడూ అమ్మ పేరుతోనే మొదలుపెట్టేవాడు. జబ్బు తర్వాత ప్రార్థన మర్చిపోలేదు గానీ పేర్లు మారిపోయాయి. చనిపోయిన తండ్రి, చనిపోయిన తల్లి, చనిపోయిన అక్క. అక్క పేరు వచ్చినప్పుడు నేనే ఆమెన్ అనేదాన్ని. అమ్మ తలమీద కొంగు కప్పుకుని, చెవులు రిక్కించుకుని కూర్చునేది.

“ఒక్కసారి ఆయన నోట్లకెళ్లి నా పేరు రావాలె. ఇంకేమొద్దు నాకు” అనేది నాతో.

దానికోసం ఆమె చేయని ప్రయత్నం లేదు. ఒకరోజు ఆయనకిష్టమని గోదారి చేప తెచ్చి పులుసు పెట్టింది. నాన్న వేళ్లు నాక్కుంటూ తిని, “వంట బాగుందమ్మా. మీదే ఊరు?” అన్నాడు. అమ్మకు ఒళ్లు మండింది.

“టేకులపల్లి దగ్గర” అంది విసురుగా.

అదే కొంప ముంచింది. కండక్టరుకు దిగే ఊరు చెప్తే మరిచిపోతాడా? ప్రపంచమంతా మరిచిన మనిషి ఆ ఒక్కటీ పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ఎదురుపడితే చాలు, “మీ ఊరు రాగానే నేను చెప్త, నిమ్మళంగా కూర్చోండి” అనేవాడు. ఇదే మా ఇల్లయ్యా అని ఆమె మొత్తుకుంటే, తప్పు బస్సెక్కిన ముసలమ్మను చూసినట్టు జాలిగా చూసేవాడు.

పెళ్లి ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు. తన ముఖం మీదుగా చూపు పోనిచ్చి, అమ్మ ముఖం దగ్గర ఆగాడు. “పెళ్లిపిల్ల మంచిగుంది. మీ అమ్మాయా?” అన్నాడు. అమ్మ ఫొటో తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నేను వెనకాల వెళ్లలేదు. నాకు దేవుడి మీద కోపం, దోమల మీద కోపం, ఎటూ తేల్చకుండా పోయిన ఆ డాక్టరు మీద కోపం. ఎవరి మీద చూపించుకోను?

వానలు వెనకపట్టాయి, చలి మొదలైంది. నేను శనివారం కాలేజీ అయ్యాక ఖమ్మం నుంచి బస్సెక్కి వచ్చి ఆదివారం ఉండేదాన్ని. నాన్న ఒళ్లు చేశాడు, బాగానే తిరుగుతున్నాడు. అమ్మే చిక్కిపోయింది. ‘నాలుగు దినాలు’ అన్న మాట ఆమె నోట వినపడడం మానేసింది.

ఒక ఆదివారం సాయంత్రం ముగ్గురం చాప మీద మోకరించాం. నాన్న తండ్రి పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు, అక్క పేరు చెప్పాడు. నేను ఆమెన్ అన్నాను. ఎప్పుడూ అక్కడితో ముగించేవాడు. ఆ రోజు ఆగాడు. కళ్లు మూసుకునే, చెయ్యి చాపి అమ్మ తలమీద పెట్టాడు. అమ్మ కొంగు సర్దుకుని తల ఇంకొంచెం వంచింది. పేరు వస్తుందనే అనుకున్నాను.

“ప్రభువా, ఈ సహోదరి పేరు నాకు తెల్వది, నీకు తెలుసు. చాలా దినాల నుంచి ప్రయాణంల ఉన్నది. మంచి మనిషి. ఈమె కోసం ఇంట్ల భర్త, పిల్లలు ఎదురుచూస్తుంటరు. ఈమెను క్షేమంగ తన ఇంటికి చేర్చు.”

ఇంటికొచ్చిన అతిథిని సాగనంపేటప్పుడు మావాళ్లు చేసే ప్రార్థన అది. అమ్మ గట్టిగా, స్పష్టంగా ఆమెన్ అంది.

తర్వాత లేచి ఆయనకు అన్నం పెట్టింది. నాన్న ముద్ద కలుపుతూ తలెత్తి చూశాడు.

“మీరు తిన్నరా అమ్మా?”

“ఇంటికి పోయి తింట” అంది అమ్మ, ఆయన గ్లాసులో నీళ్లు పోస్తూ.