హరినాథ్ ఎదిగేదాకా

కనకరత్నం దలా నుంచి కోడలిగా వచ్చింది. నదికి అవతల పొలాల్లో పెరిగిన పిల్ల. బర్మీస్ గడగడా మాట్లాడేది, తెలుగుకు తడుముకునేది. బర్మాలోని అహ్లోన్ తెలుగు పేటలో అత్తవారిది పెద్దరికం ఇల్లు. ధాన్యం మిల్లుల రోజుల నుంచీ తగవులు తీర్చడం, అమ్మవారి పండగకు మొదటి కొబ్బరికాయ కొట్టడం, పేట తరఫున ఆఫీసులకు వెళ్లడం ఆ ఇంటి మగవాళ్ల పని. భర్త అచ్చెన్న అరుగు మీద తీర్పు చెబుతుంటే ఆమె లోపల టీ కాచేది. ఎన్నేళ్లయినా ఆమె పేటకు "దలా పిల్ల"గానే మిగిలింది.

ఒక మధ్యాహ్నం అచ్చెన్న భోజనం ముందు కూర్చుని పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కొడుకు హరినాథ్ అప్పటికి ఇంకా చిన్నపిల్లవాడు. పెద్దకర్మ నాడు వాడి తలకు తండ్రి తలపాగా చుడితే కళ్లమీదికి జారింది.

మరిది ఢిల్లేశ్వరరావు అందరిముందూ అన్నాడు: "పిల్లోడికేటి తెలుత్తాది వదినా? పెద్దరికం నాను సూసుకుంతాను. నువ్వు మీ అమ్మకాడికెల్లి సుకంగా ఉండు."

పుట్టింటికి పోవాలనే ఆమె మనసులోనూ ఉంది. కానీ మరిది చేతికి పోయింది కొడుక్కి తిరిగి రాదని అక్కడున్న అందరికీ తెలుసు.

"ఆడు ఎదిగేదాకా నానే కూకుంతాను," అంది. నోరు దాటిన మాట మరి వెనక్కి రాలేదు.

తాగుబోతుల తగవులు, గోడల తగవులు, మొగుడూ పెళ్లాల తగవులు. గట్టిగా మాట్లాడితే గయ్యాళి అన్నారు, మెల్లగా మాట్లాడితే చేతకానిదన్నారు. తల్లికి జబ్బు చేసినప్పుడు బయల్దేరబోతే, పండగ ముందు పెద్దరికం పేట దాటకూడదని ఆపేశారు. కడచూపు దక్కలేదు.

ఒకరోజు మరిది కూతురు సత్యశ్రీ పాఠం చదువుతూ అంది: "పెద్దమ్మా, యూరప్‌లో నీలాటి రాణి ఉండేదట. రాజు పోతే కొడుకు ఎదిగేదాకా తనే ఏలిందట."

"ఎదిగేక ఏటయింది? పుట్టింటికెల్లిందా?"

సత్యశ్రీ పేజీ తిప్పి చూసింది. "అది రాయలేదు పెద్దమ్మా."

హరినాథ్‌కు పద్దెనిమిది నిండిన ఏడాదే కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం మొదలైంది. కనకరత్నం వాడిని దలాలో తమ్ముడి తోట పాకకు పంపేసింది. తర్వాత వార్డు ఆఫీసు మనిషి అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"డా రత్నా, ఏ ఇంట్లో వయసు కుర్రాళ్లున్నారో మీరే చెప్పాలి," అన్నాడు బర్మీస్‌లో, పెద్దావిడకిచ్చే మర్యాదగా 'డా' చేర్చి.

"పనుల కోసం ఎక్కడెక్కడికో పోయారు." ఆమె టీ గ్లాసు అతని ముందుకు జరిపింది.

"అయితే మీరు మాత్రం పేట దాటకండి. మళ్లీ అడగాల్సి వస్తుంది."

అతను వెళ్లాక మరిదిని పిలిచింది. "డిల్లేసూ, ఈ పెద్దరికం తీసుకో. ఆ మనిసొచ్చి అడిగితే సెప్పకుండా ఉండగలవా?"

ఆ పదవి కోసం ఇన్నేళ్లూ ఎదురుచూసిన మనిషి తల వంచుకున్నాడు. "బయ్యం వదినా. సెప్పీత్తానేమో."

హరినాథ్ ఫోన్ చేశాడు. "ఒగ్గీసి వచ్చీ అమ్మా. నాకా పెద్దరికం అక్కల్లేదు."

"వత్తే నా ఎనకాలే ఎవుడో వత్తాడు నాన్నా," అని పెట్టేసింది.

కొడుకు ఎదిగాడు. ఆమె మాత్రం అరుగు మీంచి లేవలేదు. మొన్న కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఏడుస్తూ వచ్చారు. కనకరత్నం కొంగు సర్దుకుని జరిగి కూర్చుంది.

"ఏడుపాపి సెప్పండి. ముందు ఎవులు కొట్టారు?"